చిన్నమ్మ రాసిన నలభై ఏడు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు పొరబడడని గద్వాల మార్కెట్ యార్డంతా నమ్మేది. అందరికంటే గట్టిగా నమ్మినవాణ్ని నేనే. కొత్తగా ఆపరేటరుగా చేరి, రైతులు పోసిన వేరుశనగ రాశులకు వరుస నంబర్లిచ్చే ప్రోగ్రాం సొంతంగా రాశాను. సూత్రం సులువు: పట్టికలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టు, ఒకటి కలుపు, అదే కొత్త నంబరు. తెర మీద కనబడ్డ నంబరును చిట్టీ మీద రాసి రైతుకిచ్చే పని మా చిట్టీల చిన్నమ్మది. అంతకుముందు ఏళ్లతరబడి చేతి పుస్తకంతోనే ఒక్క నంబరూ తప్పనివ్వని మనిషి.

ఒకరోజు నలభై ఏడు రాశులయ్యాక, పన్నెండో నంబరు రైతు మనసు మార్చుకుని సరుకు ఎత్తుకుపోయాడు. అతని వరుసను శుభ్రంగా తుడిచేశాను. మిగిలినవి నలభై ఆరు. తర్వాత వచ్చిన ధరూర్ రైతుకు నా ప్రోగ్రాం ఎంతో గంభీరంగా మళ్లీ నలభై ఏడే ఇచ్చింది. కాసేపటికే అతనికీ, అంతకుముందే ఆ నంబరు అందుకున్న రైతుకూ మధ్య కేకలు.

"నలభై ఏడు నాదిరా!"

"నీదైతే నా చేతుల ఉన్నదేంది, పెండ్లి పత్రికనా?"

సూపర్‌వైజరు సారు వచ్చి అడిగితే నా నోట వచ్చిన మాట: "చిన్నమ్మ తప్పు రాసిందేమో సార్." అంతే, చిట్టీలు తీసుకుని ఆమె చేతికి చీపురిచ్చారు.

మూడోరోజు ఊడుస్తూ నా కిటికీ దగ్గర ఆగింది. "బిడ్డా, ఒకడు పోతే నీ డబ్బ వాని పేరు తుడిచేస్తదా?"

"అవు చిన్నమ్మా."

"నేనైతే తుడువ, గీత కొడ్త. ఉన్నోళ్లను లెక్కవెడ్తె ఎట్ల? ఆఖరుకు ఏ నంబరిచ్చిన్నో గదొక్కటి యాదిపెట్టుకుంట."

నా ప్రోగ్రాంను చూడకుండానే దాని రోగం చెప్పేసింది (నా సర్టిఫికెట్ మాత్రం గోడకు వేలాడుతోంది). చివరిగా ఇచ్చిన నంబరును విడిగా దాచి, ఎన్ని వరుసలు పోయినా అది వెనక్కి రాకుండా మార్చాను. ప్రోగ్రాంను ఇంకా మెరుగుపరిచానని చెబితే సారు నన్ను మెచ్చుకున్నాడు. "ఇగనన్న జర చూసి రాయి" అంటూ ఆమెకు చిట్టీలు తిరిగిచ్చాడు. ఆమె నావైపు చూసింది. నేను తెరవైపు చూశాను.

ఇన్నేళ్లకు, మొన్న ఆమె ఇంటికి వెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"నాకు గప్పుడే తెల్సు. నాకు చెప్తె ఏం ఫాయిద? సారుకు చెప్పినవా?"

"సారు రిటైరై వనపర్తిల ఉంటుండు చిన్నమ్మా."

"వనపర్తికి బస్సులు లేవా?"

ఉన్నాయి. తల నెరిసి, నా కింద పదిమంది పనిచేసే నేను, నిన్న ఆ బస్సులో కూర్చుని "సార్, చిన్నమ్మ సరిగ్గానే రాసింది, తప్పు నాది" అని పెదవులు కదుపుతూ వల్లె వేస్తుంటే, పక్క సీటాయన సంచీ తీసుకుని మెల్లగా వెనక సీటుకు మారిపోయాడు.