కాళ్ళూ చేతులూ ఆడటం లేదంటే

కిందటేడు వానాకాలం. కోల్‌కతాలో ఒక ఆసుపత్రి హెల్ప్‌లైన్ కోసం కంప్యూటర్‌కి తెలుగు నుడికారం నేర్పే పనిలో ఉన్నాను. ఫోన్ చేసినవాళ్ళ మాటలు విని, వాటిని అక్షరాల్లోకి మార్చి, ఎవరిది ఎంత అత్యవసరమో అంచనా వేసి, నర్సు ముందు ఎవరితో మాట్లాడాలో మా ప్రోగ్రాం వరస పెడుతుంది. కార్పొరేషన్‌లో, రేవులో, రైల్వేలో పనిచేసే తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అందుకే బెంగాలీ, హిందీలతో పాటు తెలుగునీ చేర్చారు.

మా వృత్తిలో మల్టీవర్డ్ ఎక్స్‌ప్రెషన్ అని ఒక మాట ఉంది. రెండు మూడు పదాలు కలిసి, విడిగా ఉన్నప్పుడు లేని అర్థాన్ని ఇవ్వడం అన్నమాట. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటే మొదట్లో మా ప్రోగ్రాం కంటి డాక్టరు దగ్గరికి పంపేది. ‘చెయ్యి పడిపోయింది’ అంటే కిందపడి దెబ్బ తగిలిందనుకునేది. ఇలాంటివి ఏరి, ఒక్కోదానికి అసలు అర్థం గుర్తు పెట్టడాన్ని ఆనటేషన్ అంటారు. ‘కాళ్ళూ చేతులూ ఆడటం లేదు’ అన్నదానికి మా ఉదాహరణలన్నిటిలోనూ ఒకటే అర్థం: కంగారు.

ప్రోగ్రాంని మొదటిసారి నిజమైన కాల్స్ మీద నడిపి చూస్తున్న రోజుల్లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నర్సు సౌమితాది (బెంగాలీలో ‘ది’ అంటే అక్క) పక్కన కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం వాన జోరుగా పడుతోంది, ఫోన్లు ఆగడం లేదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి రవణమ్మ అనే ఆవిడ చెప్పింది కంప్యూటర్ రికార్డు చేసుకుంది.

“అమ్మా, మా ఆయన ఏటోలా అయిపోనాడు. కాళ్ళూ చేతులూ ఆడ్డం నేదమ్మా.”

తెర మీద ‘ఆందోళన’ అని పడింది. కాల్ వరసలో చివరికి వెళ్ళిపోయింది.

కాళ్ళూ చేతులూ ఆడనిది ఎవరికి? ఆవిడకైతే కంగారు. ఆయనకైతే పక్షవాతం. ఎవరికో ఆవిడ చెప్పలేదు. తెలుగులో చెప్పనక్కర్లేదు కూడా.

“ఈ కాల్ ముందు తీసుకుందాం” అన్నాను.

“ముందు ఛాతీనొప్పి వాళ్ళున్నారు. నీకు గట్టిగా తెలుసా?” అంది సౌమితాది.

“తెలీదు. అడిగితే తప్ప తెలీదు.”

సౌమితాది ఛాతీనొప్పి కాల్స్ పక్క సీటు నర్సుకి మళ్ళించి, ఆ లైను కలిపింది. ఆమెకు తెలుగు రాదు కనక నేనే మాట్లాడాను.

“అమ్మా, కాళ్ళూ చేతులూ ఆడనిది మీకా, ఆయనకా?”

“నాకేనమ్మా. ఏటి సెయ్యాలో తోచట్నేదు.”

ఊపిరి పీల్చుకున్నాను. కంప్యూటర్ సరిగ్గానే అర్థం చేసుకుంది. సౌమితాదికి ఆ మాటే చెప్పాను. ఆమె మాత్రం తేలిక పడలేదు. “మరి భర్తకేమయింది, అది అడుగు” అంది.

అడిగాను.

“అన్నం ముద్ద నోటికెత్తనేకపోతన్నాడు. మూతి ఓ పక్కకి వంకరపోనాది. ఇప్పుడే, తింటా ఉండగానే. నీళ్ళు పట్టీమంటారా?”

ఆవిడ మాటలు సౌమితాదికి చెప్పి, ఆమె చెప్పమన్నదే చెప్పాను: “వద్దమ్మా, నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి.”

సౌమితాది అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది. రోడ్ల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి, దారి మార్చుకుని రావాలన్నారు. “ఫోను పెట్టీకండమ్మా” అంది రవణమ్మ. పెట్టలేదు. ఆవిడ ఏడుపు, వెనకాల వాన, మధ్యలో అర్థంకాని ఆయన మూలుగు. ఆ మూలుగు ఆగినప్పుడల్లా “ఊపిరి తీసుకుంటున్నారా అమ్మా?” అని అడిగేదాన్ని. చివరికి ఎవరో తలుపు కొట్టారు. లైను తెగిపోయింది.

ఆయన బతికాడని మర్నాడు తెలిసింది. మాట మెల్లగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా స్వాధీనంలో లేదట.

ఆ వారం పరీక్ష ఫలితాల్లో రవణమ్మ కాల్‌కి ఎదురుగా ‘సరైన అర్థం’ అని వచ్చింది. దిద్దడానికేమీ లేదు, అది నిజమే. అర్థం సరిగ్గా తెలిసీ ఒక మనిషిని వరసలో చివరికి నెట్టెయ్యొచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు. కంగారు ఆవిడది, ప్రాణం మీదికొచ్చింది ఆయనకి. వేగం తగ్గుతుందని మావాళ్ళు అభ్యంతరం చెప్పినా పట్టుబట్టి ఒక మార్పు చేయించాను. ఇప్పుడు ఎవరైనా కాళ్ళూ చేతులూ ఆడటం లేదంటే మా ప్రోగ్రాం వెంటనే ఏ అంచనాకీ రాదు. “ఎవరికి, ఏమయింది?” అని అడుగుతుంది. జవాబు రాకపోతే నర్సుని పిలుస్తుంది.