పెన్‌డ్రైవ్‌లో మా వంశం

రిటైరయ్యాక మా పెద్దనాయనకు పట్టిన పిచ్చి వంశవృక్షం. ఉద్యోగంలో ఉన్నప్పుడు కింది వాళ్లందరినీ పట్టుకుని పీడించేవాడు. ఆ అవకాశం పోయాక చచ్చిపోయిన వాళ్ల మీద పడ్డాడు. ఎవరో చెబితే వంశచరిత్ర రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి లాప్‌టాప్‌లో వేయించుకున్నాడు. వేయించుకున్నాడు గానీ టైపింగ్ రాదు. వికారాబాద్‌లో వాళ్ల వెనక వీధిలోనే కాపురముంటున్న టీచర్ని నేను, పైగా సొంత తమ్ముడి కూతుర్ని. ఇంకేం, జీతం అడగని గుమస్తా దొరికింది.

"బిడ్డా, మన ఖాన్‌దాన్ అంత గిండ్ల ఎక్కాలె. రేపు పోరగాండ్లు మనమెవరమని అడిగితే బటన్ ఒత్తంగనే రావాలె," అన్నాడు.

ఆయనకు తెలిసిందల్లా మగవాళ్ల పేర్లు, వాళ్ల పొలాల హద్దులు. ఆడవాళ్ల సంగతి అడిగితే ఊళ్లు చెప్పేవాడు. "ఆమె దోమ ఊరి నుంచి వచ్చింది", "ఆమె పరిగి దిక్కు పిల్ల." పేరేమిటంటే మాత్రం సీలింగ్ ఫ్యాన్ వైపు చూసేవాడు. ఆ పేర్ల కోసం నేను తాండూరు రైలెక్కాల్సి వచ్చేది. అక్కడ ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త ఉంటుంది. నాపరాళ్ల వ్యాపారం చేసే ఇంటి కోడలు. పక్కింటి వాళ్లతో కన్నడంలో, మొగుడితో తెలుగులో పోట్లాడుతూ, రెండింట్లోనూ నెగ్గే మనిషి.

"చెప్త గని, ఆడోళ్లను గూడ రాయాలె. నన్ను గూడ. నేను గా ఇంట్ల పుట్టలేదా?" అంది అత్త. రాస్తానని మాటిచ్చాను. అప్పటినుంచి కందులు ఏరుతూ, మధ్యలో నా జుట్టు పల్చబడుతోందని తిడుతూ, ఎవరి తల్లి ఎవరో చెప్పుకుపోయింది.

ఒక్క పేరు మాత్రం ఆమెకూ తెలియదు. తమ నాయనమ్మది. మొగుడు పోయాక అరకలు కట్టించి, పిల్లలను సాకి, పాలివాళ్ల నోట్లో పడకుండా భూమిని కాపాడింది ఆవిడే. ఇవాళ మా వాళ్లు మీసాలు దువ్వుకుంటున్నారంటే ఆ భూమి పుణ్యమే. కానీ ఊరంతా ఆమెను పెద్దవ్వ అనే పిలిచారు. పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు, అవసరం అంతకన్నా లేదు.

అత్త ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని పెద్దవ్వ పుట్టిల్లు దౌల్తాబాద్ వెళ్లింది. అక్కడ ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ముసలామెకు చెవులు వినిపించవు. అత్త అరిచిన అరుపులకు వీధంతా వచ్చి, ఎవరికి తోచిన పేరు వాళ్లు చెప్పారు. ఆఖరికి ముసలామెకు అర్థమై, నవ్వి, మా ఇద్దరికే వినబడేలా మెల్లిగా ఆ పేరు చెప్పింది. అక్కడే అరుగు మీద కూర్చుని, వెంట తెచ్చిన పెద్దనాయన లాప్‌టాప్‌లో టైప్ చేశాను. "మా నాయనమ్మకు పేరు దొరికింది," అని అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ముసలామె మరుసటి ఎండాకాలం చూడకుండానే పోయింది.

ఇక్కడిదాకా వచ్చాక నాకు భయం పట్టుకుంది. ఇంత చరిత్ర ఒక్క పాత లాప్‌టాప్‌లో ఉంది, ఇంకోచోట కాపీ పెట్టాలి. ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చని చెబితే పెద్దనాయన లేచి నిలబడ్డాడు.

"మన ఇంటి ఆడోళ్ల పేర్లు దునియా అంత సూడాల్నా? ఇజ్జత్ ఉంటదా?"

మగవాళ్ల పేర్లు మాత్రం పెళ్లి పత్రికల మీద, ఫ్లెక్సీల మీద, చివరికి బోరింగుల మీద కూడా ఉంటాయి. సరే, పెన్‌డ్రైవ్ కొన్నారు. నేను పరీక్షల డ్యూటీలో ఉండగా ఆయనే కాపీ చేసేశాడు. "నాకేం రాదనుకున్నవా? మొత్తం ఎక్కించిన," అని ఫోన్లో గొప్పలు పోయాడు. దాన్ని బంగారం కొన్నప్పుడు వచ్చిన ఎర్ర మఖమల్ డబ్బాలో పెట్టి బీరువా లాకర్లో దాచాడు. దసరాకు కారుతో, మిక్సీతో పాటు దానికీ పసుపు కుంకుమలు పెట్టారు. దాని మూతిలో ఇరుక్కున్న పసుపును అగ్గిపుల్లతో తీసింది నేనే. మూతి శుభ్రం చేశాను గానీ లోపల ఏముందో చూడలేదు.

వానాకాలంలో ఒకరోజు పిడుగు పడింది. చార్జింగ్‌లో ఉన్న లాప్‌టాప్ కాలిపోయింది. హార్డ్‌డిస్క్ కూడా పోయిందని, హైదరాబాద్ తీసుకెళ్లినా లాభం లేదని రిపేరు షాపతను చెప్పాడు. పెద్దనాయన చలించలేదు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. పెన్‌డ్రైవ్ ఉన్నది గద!"

నేను కొత్తగా కొనుక్కున్న లాప్‌టాప్‌కు పెట్టి తెరిచాం. మగవాళ్లందరూ ఉన్నారు. మేనత్త ఉంది. నేనున్నాను. ఆ ఇంట పుట్టిన ఆడపిల్లలందరూ ఉన్నారు. కోడళ్లుగా వచ్చిన తల్లులు మాత్రం ఒక్కరూ లేరు. మా తాత, పెద్దనాయన, మా నాన్న, అందరూ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టున్నారు. వెనక నుంచి తొంగి చూసిన పెద్దమ్మ, అంటే ఆయన భార్య, తన పేరు కోసం వెతుక్కుంది.

"నేను లేనా? మరి నీకు పిల్లలు ఎట్ల పుట్టిండ్రు?" అని అడిగింది.

గట్టిగా నిలదీస్తే పెద్దనాయన చేసిన ఘనకార్యం బయటపడింది. "మెమరీ నిండుతదేమోనని" ఆడపిల్లలను తీసేద్దామనుకున్నాడట. ఈ వంశమంతా కలిపినా ఒక పెళ్లి ఫోటో అంత బరువుండదు. మన ఇంటిపేరు వాళ్లను మాత్రమే కాపీ చెయ్యమని నొక్కాడు. ఆయన లెక్కలో పెళ్లయి వెళ్లిన వాళ్ల ఇంటిపేరు మారిపోతుంది, కోడళ్లకు మన ఇంటిపేరు వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ లెక్క వేరు. ఆడదాన్ని పుట్టింటి పేరుతోనే రాయమంటుంది, నేనూ అలాగే రాశాను. వెళ్లగొడదామనుకున్న వాళ్లు ఇంట్లోనే ఉన్నారు, కన్నతల్లులు, కట్టుకున్న ఇల్లాళ్లు బయటికి పోయారు.

"సాఫ్ట్‌వేరే ఖరాబుది," అన్నాడు పెద్దనాయన. ఆ సాయంత్రం ఆయనకు చాయ్ రాలేదు.

మర్నాడు పెద్దనాయన, నేను తాండూరు వెళ్లాం. సంగతి విని అత్త పడీపడీ నవ్వింది. "నన్ను తీసేద్దామని సూస్తివా అన్నా? సూడు, నేనే మిగిలిన," అంది. నవ్వడం అయ్యాక అత్త చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ, వదిన, మా అమ్మ, చిన్నతాత ఇద్దరు భార్యలు, ఒక్కొక్కరూ పుట్టింటి పేరుతో సహా మళ్లీ వచ్చి తమ గడుల్లో కూర్చున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పెద్దవ్వ దగ్గర ఆగింది. నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"నీకు యాది లేదా?" అంది.

లేదు. టైప్ చేసేశాను కదా అని ఆ రోజే మర్చిపోయాను.

"నువ్వు మిషన్ల ఎక్కిచ్చినవని నేను ఇడిసిపెట్టిన బిడ్డా. ఇంక నేనెందుకు యాదుంచుకోవాలె అనుకున్న," అంది అత్త.

చాలాసేపు తంటాలు పడ్డాం. చివర 'అమ్మ' అని ఉందని మాత్రం ఇద్దరికీ గుర్తుంది. ఆ కాలంలో అందరికీ అదే కదా ఉండేది.

"ఏదో ఒక దేవత పేరు పెట్టు, ఎవరికి తెలుస్తది," అన్నాడు పెద్దనాయన.

"నీ పేరు గట్లనే మార్చి రాస్తే ఊకుంటవా?" అని అత్త ఇంతెత్తున లేచింది. కాసేపటికి ఆయనే, చిన్నప్పుడు జ్వరమొస్తే పెద్దవ్వ తనను భుజానేసుకుని వాగు దాటించిందని, ఎవరూ అడగకుండానే చెప్పాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆమె కొడుకులు, మనవళ్లు, మునిమనవళ్లు, ఇప్పుడు కోడళ్లు కూడా, కింద వరసగా ఉన్నారు. పైన ఆమె గడిలో 'పేరు తెలియదు' అని టైప్ చేశాను. అత్త చూడలేక లోపలికి వెళ్లిపోయింది.