వాన వాటా

మా సార్ పోయారన్న కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. సూరత్ అడాజన్‌లోని తన ఫ్లాట్‌లో, నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కింద వరసగా 'ఓం శాంతి'లు. వాటి మధ్యనే ఎవరో మార్చి నెలాఖరు బిల్లులు త్వరగా పంపమని గుర్తు చేశారు. ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. సార్ ఉంటే మాత్రం ముందు ఆ బిల్లుల సంగతే అడిగేవారు.

ఆయన సూరత్‌లో హైవే మరమ్మతుల ఆఫీసులో ఇంజనీరు. ఉన్న నిధిలో ఏ ఏడు ఏ రోడ్డు బాగుచేయాలో తేల్చడం ఆయన పని. నేను ఆయన కింద జూనియర్ ఇంజనీర్‌ని. ఈ ఉద్యోగంలో నాకు వచ్చిందంతా ఆయన పెట్టిన భిక్షే. ఇద్దరివీ తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలు. అందరి ముందు నన్ను 'మేడం' అని హిందీలో పలకరించి, తిట్టాల్సి వస్తే పక్కకు పిలిచి మన భాషలో తిట్టేవారు.

రోడ్లు చూడ్డానికి ఆయన వానలోనే బయల్దేరేవారు. "ఎండల ఏ రోడ్డైనా మంచిగనే కనవడ్తది బిడ్డా. నీళ్లు ఏడ నిలుస్తయో సూడు, ఎస్టిమేట్ ఆడికెళ్లి రాయి" అనేవారు. ఒకసారి బురదలో నా చెప్పు తెగితే, "రోడ్ల ఇంజనీరువు, గీ చెప్పులేసుకొని వస్తరా?" అని వారం రోజులు ఏడిపించారు.

ఆయనకొక పట్టు ఉండేది. ఏటా మరమ్మతుల నిధిలో కొంత పక్కన పెట్టి, దాన్ని 'వాన వాటా' అనేవారు. వానలు దగ్గరపడేదాకా దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. మా పై అధికారి, పెద్ద సాహెబ్, అడిగినా సరే.

కరోనా సెకండ్ వేవ్ ఏడు నిధులకు కోత పడింది. వాన వాటా ఒక్క పనికే సరిపోయేలా ఉంది. ఆ పని ఏదో నాకు తెలుసు. గోడాదరా దగ్గర హైవే కింద నుంచి వాననీళ్లు పోయే మోరీ సగం కూలి పూడిపోయింది. దాన్ని ఆనుకున్న గల్లీలోనే మా ఇల్లు, మా బాపు పనిచేసే మగ్గాల షెడ్డు. ఎస్టిమేట్ నేనే వేశాను. ఈసారి పని అయిపోతుందని ఇంట్లో చెప్పేశాను కూడా.

మే నెలలో హైవే వంతెన మీద జాయింటు వదులైంది. రెండు శ్లాబుల మధ్య ఉండే ఇనుప పట్టీ, బండి ఎక్కినప్పుడల్లా లేచి ధన్‌మని పడుతోంది. ఆ దారినే ఆసుపత్రులకు ఆక్సిజన్ ట్యాంకర్లు పోతున్నాయి. పట్టీ ఊడితే వంతెన మొత్తం మూసెయ్యాలి. కొత్త నిధి ఇప్పట్లో రాదని పెద్ద సాహెబ్ చేతులెత్తేశారు.

"వాన వాటా తీస్తున్న" అన్నారు సార్.

"అది మోరీది సార్. ముట్టద్దని మీరే అంటరు గద!"

"అంట. గిప్పుడు ట్యాంకర్ ఆగితే ఆసుపత్రిల పండుకున్నోడు వానకాలం దాక ఆగుతడా?"

మోరీ ఎస్టిమేట్ మడిచి సొరుగులో పెట్టేశాను. కోపం మాత్రం పోలేదు.

వంతెన మీద ఒక వైపు మూసి, రెండో వైపు నుంచి బండ్లు వదులుతూ పని మొదలుపెట్టాం. పాత పట్టీ కోస్తుండగా వెనక నుంచి ఆక్సిజన్ ట్యాంకర్ సైరన్ వినిపించింది. ట్యాంకర్‌కు సరిగ్గా ముందు, ఉన్న ఒక్క దారిలో, బట్టల టెంపో ఆగిపోయింది. డ్రైవర్ ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజను అందుకోవడం లేదు. ఎప్పుడూ గొంతు పెంచని సార్ "ధక్కా మారో!" అని అరిచి తనే ముందు భుజం పెట్టారు. కూలీలు, నేను, బందోబస్తు పోలీసు, అందరం తోశాం. టెంపో కదిలేదాకా ఆ సైరన్ మా వీపుల మీదే మోగింది. ట్యాంకర్ దాటిపోయాక సార్ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు.

వంతెన నిలిచింది. వానలు వచ్చాయి. మోరీ పొంగి మా గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. నేను, బాపు షెడ్డు గడపకు అడ్డంగా ఇసుక సంచులు పేరుస్తుంటే, సార్ ప్యాంటు పైకి మడిచి, పొడవాటి వెదురుగడ పట్టుకుని నీళ్లలో నడుచుకుంటూ వచ్చారు.

ఆయన్ని చూసి బాపు ఆగలేకపోయాడు. "మీ ఆఫీసోళ్లకు మా గల్లీ కనవడదా సార్?"

నిధి లేదనో, పైవాళ్లు ఒప్పుకోలేదనో ఏదో ఒకటి అంటారనుకున్నాను. అలా అన్నా ఎవరూ కాదనేవారు కాదు.

"కనవడ్డది అన్నా" అన్నారు సార్. "కనవడ్డంకనే ఇడిసిపెట్టిన."

బాపు చేతిలోని సంచి కింద పెట్టాడు. తర్వాత నీళ్లలోకి దిగి గడ రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గల్లీ చివర మోరీ నోట్లోకి పొడుస్తుంటే, నల్లటి నీళ్లలో మగ్గాల దారం చెత్త ఉండలు ఉండలుగా పైకి తేలింది. వాన తగ్గలేదు. సార్ మాస్క్ తడిసి ముఖానికి అతుక్కుపోయింది. దాన్ని తీసే తీరిక లేక, నడుం వంచి, నీళ్లు కదులుతాయేమోనని ఆ మోరీ లోపలికే చూస్తున్నారు.