మేడమ్ గారి పుచ్చుకర్ర కుండీ

మా ఎదురు ఫ్లాటు మేడమ్ పోయారని సోమవారం పొద్దున్న పాలవాడు చెప్పాడు. వినగానే ఏడుపు కంటే ముందు పాత మాట ఒకటి గుర్తొచ్చింది: "మేడమ్ కుండీ జోలికి నానెల్తానా బావా! నాదీ పూసీ." తొంభైల్లో మా బావమరిది ఇచ్చిన మాట అది. వాడు అప్పుడూ ఇప్పుడూ మద్దిలపాలెంలోని మా అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీ.

మేడమ్ జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆవిడ లోకమంతా 'ఫంగస్ నాట్' అనే పురుగులే. తడి మట్టిలో, పుచ్చిన కర్రలో బూజు తిని పెరిగే నలుసంత ఈగలవి. కింది ఫ్లాట్లవాళ్లు ఆవిణ్ణి 'దోమల మేడమ్' అనేవారు. వాళ్లలో పేపర్లో సినిమా పేజీ దాటి చదివినవాడు ఒక్కడూ లేడు.

"దోమేటి అన్నయ్యగారూ, కుట్టడానికి దీనికి నోరేదీ?" అని ఆవిడ నవ్వేవారు.

పుస్తకాలు నేను చాలానే చదివాను గాని, చూడటం నేర్పింది ఆవిడే. ఆదివారం కాఫీ ఇచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టేవారు. రెక్క నడుమ ఈనె పంగలకర్రలా ఎక్కడ చీలిందో చూడాలి. మీసాలకు పైన రెండు కళ్లూ కలుసుకున్నాయా, అదొక కుటుంబం.

"పూర్వం శాస్త్రవేత్తలు వీటన్నిట్నీ ఒకే ఇంట్లో పడీసేరండీ. తరవాత వేరు కాపురాలెట్టించేరు," అనేవారు.

ఓ వానాకాలం, ఎలమంచిలి దగ్గర తోట నుంచి తెచ్చి వరండా కుండీలో పెట్టిన పుచ్చిన పనసకర్రలోంచి, ఆవిడ ఏ పుస్తకంలోనూ చూడని ఈగ పుట్టింది. రెక్కలోని పంగకు ఒక కొమ్మ సగంలోనే ఆగిపోయింది. పేరు పెట్టాలంటే మగది కావాలి. మగదాని తోక చివర చూస్తేగాని జాతి తేలదట. పుట్టినవేమో అన్నీ ఆడవే.

"మగోడు లేపోతే పేరెట్టరా? ఇదేటి శాస్త్రం మేడమ్?" అంది మా ఆవిడ.

"ఇంకా రెక్కలు రాని ప్యూపాలున్నాయి వదినా. వారంలో మహారాజు దిగుతాడు."

ఆ వారంలోనే మున్సిపాలిటీవాళ్ల దోమల నిర్మూలన వచ్చిపడింది. తడి ఉన్న కుండీలన్నీ బోర్లించాలి. అందుకే బావమరిది దగ్గర ముందే మాట తీసుకున్నాను. మేమూ మేడమూ బజారుకెళ్లి వచ్చేసరికి కర్రా మట్టీ చెత్తలారీలో వెళ్లిపోయాయి.

"ఎవరో లీడరొచ్చి పక్కనే నిలబడ్డాడు బావా. పురుగులకోసం పరువు తీసుకుంతామేటి?" అన్నాడు వాడు.

నేను వాణ్ణి నానా మాటలూ అన్నాను. మేడమ్ ఖాళీ కుండీ కడుక్కుంటూ, "సెక్రటరీ గారికి రెక్కలుంటే ఏ కుటుంబమో చెప్పీద్దును," అన్నారు. నా కోపం నవ్వులో కొట్టుకుపోయింది.

అప్పట్నుంచి ప్రతి వానాకాలం అదే తోట కర్ర, అదే కుండీ. ఆ ఈగ మళ్లీ కనబడలేదు. "ఈసారి దిగుతాడు చూడండి," అంటూ పోయే ముందు రోజు కూడా నీళ్లు చల్లారు.

నిన్న సెల్లార్లో సంతాపసభ. ఆ కుండీని తెచ్చి ఫొటో పక్కన పెట్టాను. బావమరిది మైకు అందుకుని, "మేడమ్ గారి రీసెర్చికి మొదట్నుంచీ నా సపోర్టు..." అంటున్నాడు. కుండీలోంచి ఓ నలుసు లేచి వాడి మోచేతిమీద వాలింది. ఠప్పుమని చరిచాడు.

"దోమలెక్కువైపోనాయి," అన్నాడు మైకులోనే. జనం నవ్వారు.

నేను వెళ్లి వాడి చెయ్యి దీపం కిందికి లాగి, చదువుకునే భూతద్దం పెట్టి చూశాను. ఒక రెక్క చెక్కుచెదరలేదు. పంగకు ఒక కొమ్మ సగంలోనే ఆగింది. తోక చివర మాత్రం నుజ్జయిపోయి నల్లటి మరక మిగిలింది. మగదో ఆడదో ఇక తేలదు.

ఎవర్నీ ఏమీ అనొద్దనేవారు మేడమ్. నేనంటాను. మా బావమరిదినే అంటాను.