ఆదివారం సంతకాలు

ఒకసారి నా కొట్టులో, నా కళ్ళముందే, ఒక ఇంటి యజమాని "ప్రైమర్ ఎందుకులే, నేరుగా రంగు వేసెయ్" అన్నాడు. దానికి మేస్త్రి "మీకు రంగు కావాలా, రంగులాంటిది కావాలా?" అని అడిగాడు. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. పని పోయింది. "నీ నోరు నీ నిచ్చెనకంటే పొడుగు మేస్త్రీ" అని నేను తిడితే పకపకా నవ్వాడు. అప్పట్నుంచి మా వీధిలో అతనికి ప్రైమర్ మేస్త్రి అనే పేరు ఖాయమైపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ రంగుల కొట్టు నడుపుతున్నాను. పైపూతతో మోసం చెయ్యని పెయింటర్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో మొదటి వేలు ఇతనిదే.

అలాంటివాడు నెల రోజుల అబద్ధాన్ని ఒక్క ఆదివారం పొద్దున రాసి పెట్టాడంటే ఎవరైనా నమ్ముతారా? నేను నమ్ముతాను. నా కౌంటరు మీదే, నా పెన్నుతోనే రాశాడు.

అతనికి పిల్లల్లేరు. చెల్లెలు పోతే ఆమె కొడుకుని ఆరేళ్ళ వయసులో ఇంటికి తెచ్చుకున్నాడు. మేస్త్రి భార్య వాణ్ణి నేల మీద నడవనివ్వలేదు. మేస్త్రి నిచ్చెన ఎక్కనివ్వలేదు. "వీడి చేతికి రంగంటకూడదు అక్కా" అనేవాడు నాతో. అంటలేదు. వాడు చదువుకున్నాడు, చంకలో ఫైలుతో తిరగడం మొదలెట్టాడు. ఎక్కడికెళ్ళినా ఆ ఫైలు వదలడు కాబట్టి మేము వాణ్ణి ఫైలు అనే పిలిచేవాళ్ళం. నాకు వాడు పెద్దమ్మా పెద్దమ్మా అంటూ తిరిగే పిల్లాడే. ముద్దుగానే పిలిచాం, ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

అప్పటిదాకా మేస్త్రివి ఇళ్ళ పనులే. రెండు గదులు, మూడు గదులు, మహా అయితే మేడ. పెద్ద బిల్డింగుల వాళ్ళు ఊరికే పని ఇవ్వరు. కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలి, పనివాళ్ళందరికీ ఇన్సూరెన్సు ఉండాలి, రోజూ పని మొదలెట్టే ముందు పనివాళ్ళు ఎక్కి నిలబడే పరంజాని ఎవరో ఒకరు చూసి, "చూశాను, ఎక్కవచ్చు" అని పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే ఇన్సూరెన్సు చెల్లదు. ఇవన్నీ విని మేస్త్రి తల పట్టుకున్నాడు. తన పేరు అందంగా రాస్తాడు కానీ, కూడబలుక్కుని చదివితే గాని ఒక వాక్యం ముందుకి సాగదు.

"మామయ్యా, గోడ నువ్వు చూసుకో, కాగితం నేను చూసుకుంటా" అన్నాడు ఫైలు.

మేస్త్రికి కొండంత అండ దొరికినట్టయింది. లైసెన్సు వచ్చింది, పాలసీ వచ్చింది, ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగు పని వచ్చింది. మేస్త్రితో పాటు చిన్నప్పట్నుంచి పనిచేసే స్నేహితుడొకడున్నాడు, ఎడంచేత్తో బ్రష్ పట్టేవాడు. గోడకీ కిటికీకీ మధ్య గీత అతను లాగితే స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఎడంచెయ్యి అనేవాళ్ళం. ఆ పని వచ్చిన రోజు ఇద్దరూ నా కొట్టుకొచ్చి, డబ్బాల మధ్య చిన్నపిల్లల్లా ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చరుచుకున్నారు.

మేస్త్రి రోజూ పరంజాని చూసేవాడు. అది మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను. రంగు డబ్బాలు దింపడానికి నేను వెళ్ళిన ప్రతి పొద్దునా చూశాను. ప్రతి బిగింపునీ చేత్తో పట్టి ఊపేవాడు, ప్రతి పలకమీదా మడమతో రెండుసార్లు తన్నేవాడు, అప్పుడు గాని ఎవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. వచ్చిన చిక్కంతా పుస్తకంతోనే. పని మొదలెట్టకముందే అతని చేతులు రంగులో ఉండేవి. నిన్నటి ఎనామిల్ గోళ్ళలో, ఇవాళ్టికి కలిపిన లప్పం వేళ్ళమీద. మొదటి వారం పుస్తకం ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్తే తిరగ్గొట్టారు. తారీఖు మీద నీలం వేలిముద్ర, అంకెల మీద తెల్ల మరక. ఏ రోజుదో తెలియడం లేదన్నారు.

"పరువు తీస్తున్నావు మామయ్యా. ఆదివారం నీ చేతులు శుభ్రంగా ఉంటాయి కదా, అప్పుడే నెలకి సరిపడా సంతకాలు పెట్టెయ్" అన్నాడు ఫైలు.

ఆ మరుసటి ఆదివారమే నా కొట్టుకొచ్చారు. నేనే టర్పెంటైన్ ఇచ్చాను, నేనే పాత బట్ట ఇచ్చాను. మేస్త్రి గోళ్ళ సందులదాకా రుద్దుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఫైలు పేజీ తిప్పుతుంటే అతను పెడుతున్నాడు. మధ్యలో కొన్ని విడి కాగితాలు కూడా వచ్చాయి, వాటి మీదా పెట్టాడు. "ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట, ఏముందో చూడవా?" అని నేను ఎగతాళి చేశాను.

"మావాడు చూశాడు కదక్కా" అన్నాడు.

నా ఎగతాళి గుర్తుపెట్టుకోండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

తర్వాత నెలకో ఆదివారం అదే తంతు. పని మొదలెట్టిన మూడో నెల, పదిహేడో తారీఖు. పొద్దున మేస్త్రి ఊపి చూశాడు, తన్ని చూశాడు. మధ్యాహ్నం అద్దాలవాళ్ళు పెద్ద అద్దం పైకి లాగడానికి అడ్డొచ్చిందని రెండో అంతస్తు దగ్గర ఒక అడ్డకడ్డీ విప్పారు. మళ్ళీ బిగించలేదు, ఎవరికీ చెప్పలేదు. అన్నం తిని పైకెక్కిన ఎడంచెయ్యి పలకతో సహా కిందికి వచ్చాడు. ప్రాణం దక్కింది. తుంటి ఎముక నుజ్జయింది. ఆపరేషన్ చేస్తే కర్రతో నడుస్తాడు, చెయ్యకపోతే మంచమే అన్నారు డాక్టర్లు. నిచ్చెన సంగతి ఎవరూ ఎత్తలేదు.

"భయపడకురా, ఇన్సూరెన్సు ఉంది" అన్నాడు మేస్త్రి అతని మంచం పక్కన కూర్చుని. ఆ మాట అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. అంత ధీమాగా అతను మాట్లాడ్డం అదే ఆఖరు.

ఇరవై ఒకటిన ఇన్సూరెన్సు అధికారి బిల్డింగు దగ్గరికి వచ్చింది, నేనూ అక్కడే ఉన్నాను. మర్యాదస్తురాలు, గొంతు పెంచని మనిషి. పరంజా అప్పటికే విప్పేశారు, పని ఆపేశారు. ఆమె పుస్తకం తెరిచి ఒక్కో పేజీ తిప్పింది. పదిహేడున "చూశాను, ఎక్కవచ్చు", సంతకం. పద్దెనిమిదిన కూడా. ఇరవై ఐదున కూడా. ముప్ఫైన కూడా.

"ఇవాళ ఇరవై ఒకటే కదండీ, ముప్ఫయ్యో తారీఖున లేని పరంజాని ఎలా చూశారు?" అంది.

మేస్త్రి మేనల్లుడి వైపు చూశాడు. చదువుకున్నవాడు చెబుతాడని. వాడు ఫైలు తెరిచి, ఒక కాగితం తీసి ఆమెకిచ్చాడు. "పుస్తకం మామయ్య దగ్గరే ఉంటుంది మేడమ్. ఆయన ఎప్పుడు సంతకం పెడతారో నాకు తెలియదు" అన్నాడు.

ఆమె ఆ కాగితాన్ని పైకి చదివింది. పరంజా తనిఖీ, పుస్తకం, భద్రత పూర్తిగా నా బాధ్యత, వీటితో నా మేనల్లుడికి ఏ సంబంధమూ లేదు, అని ఉంది. కింద మేస్త్రి సంతకం. తారీఖు ఆ మొదటి ఆదివారానిది.

మీకు అర్థమైందా? ఎవరూ పడకముందు, పడతారని ఎవరికీ తెలియకముందు, వాడు తనకి దారి వేసి పెట్టుకున్నాడు. భయపడి అబద్ధమాడి ఉంటే నేను క్షమించేదాన్నేమో. మామ గోళ్ళు రుద్దుకుంటుంటే పక్కన నిలబడి, ఆ కాగితాన్ని పేజీల మధ్య సర్దాడు. పెంచిన చెయ్యి మీద అంత తాపీగా దెబ్బ కొట్టినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

"సాక్షి సంతకం కూడా ఉంది" అంది ఆమె. "ఇది ఎవరిది?"

నాది.

ఆ ఆదివారం వాడు కాగితాన్ని నా వైపు జరిపి, "పెద్దమ్మా, ఇక్కడో సంతకం పడెయ్, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. నేను ఒక చేత్తో ఎవరికో బ్రష్‌లు ఇస్తూ ఇంకో చేత్తో పడేశాను. ఎద్దు, దూడ అని మేస్త్రిని వెక్కిరించిన నోరు మూసుకోకముందే పడేశాను. గురివింద గింజకి తన కింద నలుపు కనబడదని ఊరికే అనలేదు పెద్దలు. వాడు మోసం చేసింది చదవలేని మామనే కాదు, చదవగలిగీ చదవని నన్ను కూడా.

మేస్త్రి నన్ను తిట్టలేదు, లేచి తన కుర్చీ నాకు జరిపాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అధికారి పుస్తకం మూసి నెమ్మదిగా చెప్పింది. ఇలాంటి పుస్తకం మీద పరిహారం ఇవ్వడం కుదరదు. ఒక్కటే దారి. తప్పు పనివాడిది కాదు, సంతకాలు ముందే పెట్టిన తప్పు నాది అని కాంట్రాక్టరు రాసిస్తే, పనివాడి వరకు ఇవ్వడానికి వీలుంది. కానీ ఆ కాగితం లైసెన్సు ఆఫీసుకి కూడా వెళ్తుంది. మళ్ళీ ఎప్పటికీ లైసెన్సు రాదు.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి నా కొట్టుకొచ్చాడు. వెనకాలే ఫైలూ వచ్చాడు, ఈసారి చంకలో ఏమీ లేకుండా.

"మామయ్యా, ఏమీ రాసివ్వకు. కొన్నాళ్ళు ఊరుకుంటే వాళ్ళే మర్చిపోతారు. లైసెన్సు పోతే నీకేం మిగుల్తుంది?"

"వాడి తుంటి మిగుల్తుంది" అన్నాడు మేస్త్రి.

"పోనీ రాయి. నా పేరు మాత్రం రాయకు. నేను సొంతంగా లైసెన్సుకి పెట్టుకున్నా. నీ పనులన్నీ నేనే చూసుకుంటా, నిన్ను కూర్చోబెట్టి చూసుకుంటా."

అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. ఆ ఏడంతస్తుల్లో మిగిలిన గోడల కోసం వాడు అప్పటికే బిల్డింగువాళ్ళతో మాట్లాడుకున్నాడు. నాకు చేతిలో ఉన్న డబ్బా వాడి నెత్తిన బోర్లించాలనిపించింది. మేస్త్రి మాత్రం వాడి చేతుల వైపు చూశాడు. తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉన్నాయి.

"నేనే అంటనివ్వలేదు అక్కా" అన్నాడు నాతో.

తర్వాత కళ్ళు తుడుచుకుని, "రాయి అక్కా. ఉన్నది ఉన్నట్టు రాయి. ఆదివారం, నీ కొట్టు, వీడు చెప్పడం, నేను పెట్టడం. వీడి పేరు కూడా. కింద ప్రైమర్ లేకుండా నాకు చేతకాదు" అన్నాడు.

ఫైలు ఇంకేదో అనబోయాడు. మేస్త్రి తలెత్తలేదు. వాడు గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

నేను రాశాను. రాసింది రెండుసార్లు పైకి చదివి వినిపించాను. సాక్షిగా నేను సంతకం పెట్టే ముందు మూడోసారి చదువుకున్నాను. మేస్త్రి ముందు టర్పెంటైన్ సీసా పెడితే పక్కకి జరిపేశాడు. ఆ పొద్దునే ఎవరింటి కిటికీకో ఆకుపచ్చ వేసి వచ్చాడు. ఆ చేతులతోనే పెట్టాడు. కాగితం మీద ఆకుపచ్చ బొటనవేలి ముద్ర దిగింది.

ఇన్సూరెన్సు ఆఫీసు గుమస్తా దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "మరకలున్నాయండీ, వేరే శుభ్రమైన కాగితం మీద తెండి" అన్నాడు.

"శుభ్రమైన చేతులతో పెట్టినవి మీ పుస్తకంలో నెలనెలా ఉన్నాయి కదండీ. ఇది నిజంది, తీసుకోండి" అన్నాడు మేస్త్రి.

తీసుకున్నారు. ఎడంచెయ్యికి ఆపరేషన్ అయింది, కర్రతో నడుస్తున్నాడు. మేస్త్రి లైసెన్సు పోయింది. మేనల్లుడి పేరు రాసినా వాడికేమీ కాలేదు, మామ సంతకంతో ఉన్న ఆ కాగితం వాణ్ణి కాపాడింది. పక్కన నా సంతకం కూడా ఉంది కదా. నా కొట్టు ఎదురుగా రోడ్డు మీద వాడి పేరుతో బోర్డు ఉంది. వాడు రంగులు ఇంకెక్కడో కొంటాడు.

మేస్త్రి ఇప్పుడు వేరే కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీ, పరంజా చూడ్డం కూడా అతని పనే. నిన్న వాళ్ళ పనికి రంగు దింపడానికి వెళ్ళాను. అక్కడి కుర్ర సూపర్‌వైజరు అతని ముందు భద్రత పుస్తకం పెట్టి, "పెద్దాయనా, వారానికి సరిపడా పెట్టెయ్, రోజూ ఎక్కడ తిరగను" అన్నాడు.

మేస్త్రి రంగు చేత్తో పెన్ను అందుకుని ఒక్క గడిలో పెట్టి, పుస్తకం తిరిగిచ్చేశాడు.

"రేపటిది రేపు పెడతా బాబూ" అన్నాడు. "రేపు పరంజా ఎలా ఉంటుందో నాకు తెలీదు."