రెండు వాక్యాల సాక్ష్యం

ఐర్లండు నేను చూడలేదు. చూసే యోగమూ లేదు, చూడాలన్న కోరికా లేదు. అయినా మూడున్నర శతాబ్దాల కిందట అక్కడ బతికిన ఒక రకం పెద్దమనిషి మాత్రం నాకు బాగా తెలుసు. గవర్నర్‌పేటలోని మా కాలేజీలో ఎం.ఏ. చరిత్ర పిల్లలకు తొమ్మిదేళ్లపాటు ఆయన గురించి పాఠం చెప్పాను. ఆ భాగం వచ్చినప్పుడల్లా బోర్డు వైపు తిరిగి ఏదో ఒకటి రాస్తూ చెప్పేవాణ్ణి. పిల్లల మొహాలు చూస్తూ చెప్పే ధైర్యం లేక.

పాఠం ఇది. ఇంగ్లండులో తిరుగుబాటుదారులు రాజు తల నరికారు. వాళ్ల సైన్యం పక్కనున్న ఐర్లండు మీద పడి, అక్కడి క్యాథలిక్ ప్రభువుల భూములు లాక్కుని సైనికులకూ, యుద్ధానికి పెట్టుబడి పెట్టిన వర్తకులకూ పంచింది. పదకొండేళ్ల తర్వాత, ఆ చనిపోయిన రాజుగారి కొడుకు తిరిగొచ్చి గద్దెనెక్కాడు. ఆయన పక్షాన నిలబడి సర్వం పోగొట్టుకున్న ప్రభువులు మా భూములు మాకిప్పించమని వచ్చారు. ఆ భూముల్లో కూర్చున్నవాళ్లు మమ్మల్ని కదిలించొద్దన్నారు. రాజు ఇద్దరికీ సరేనన్నాడు. ఆయనిచ్చిన మాటలన్నీ నెరవేరాలంటే ఇంకో ఐర్లండు వెతుక్కోవాలని అక్కడి పెద్ద ప్రభువొకాయన వాపోయాడట. చివరికొక న్యాయస్థానం పెట్టారు. అంతకుముందు జరిగిన గొడవల్లో తన చెయ్యి లేదని, తాను నిర్దోషినని రుజువు చేసుకున్నవాడికే భూమి. వేలమంది అర్జీలు పెట్టుకున్నారు. కొన్ని వందలు విని, గడువైపోయిందని తలుపులు మూసేశారు.

నేను చెప్పే పెద్దమనిషి ఆ అర్జీదారుల్లో లేడు. నిన్నటిదాకా తిరుగుబాటు సర్కారు కొలువులో ఉండి, గాలి మళ్లగానే అందరికంటే ముందు పరిగెత్తి రాజుకు ఎదురెళ్లినవాడు. అలాంటివాళ్లకు ఎర్ల్ అని పెద్ద ప్రభువుల బిరుదులు వచ్చాయి, భూములూ మిగిలాయి.

ఈ పాఠం మొదట్లో నాది కాదు. మా శాఖాధిపతిగా ఉండిన ఒక మేడం గారిది. కంకిపాడు వైపు పల్లెలోని క్యాథలిక్ కుటుంబం ఆవిడది. అందుకే ఐర్లండు మీద అంత ప్రేమని నేను వెనక చాటుగా నవ్వేవాణ్ణి. ఆవిడ మాట కరుకు, మనసులో ఏదీ దాచుకునే రకం కాదు. పాఠం చెబుతుంటే మాత్రం పక్క సెక్షన్ పిల్లలు కూడా గుమ్మంలో నిలబడి వినేవాళ్లు. నా క్లాసుకు నా పిల్లలే వచ్చేవాళ్లు కాదు.

మా కాలేజీకి కరస్పాండెంట్ గారే రాజు. వాళ్ల తాతగారు పెట్టిన కాలేజీ. ఒక ఏడు యాజమాన్యంలో తగాదా వచ్చి, బంధువులే ఆయన్ని దించేసి కొత్త కమిటీగా ఏర్పడ్డారు. వ్యవహారం కోర్టుకెక్కింది. పాత కరస్పాండెంట్ సిబ్బందిని వేధించేవాడని, ఆయనొస్తే మేం పనిచెయ్యలేమని కొత్త కమిటీ ఒక మహజరు రాయించి, లెక్చరర్లందరి సంతకాలకూ తిప్పింది.

అది మా శాఖకు వచ్చినప్పుడు గదిలో మేడం గారు, నేను, కాగితం పట్టుకొచ్చిన గుమాస్తా, అంతే. ఆవిడ మొత్తం చదివి కాగితాన్ని బల్ల మీద వెనక్కి నెట్టారు.

"నే పెట్టనండీ. ఆయన తిక్కమనిషే, కాదన్ను. కానీ ఇందులో రాసినవి జరగలేదుగా!"

గుమాస్తా నా వైపు చూశాడు. నేను చదవకుండానే సంతకం పెట్టాను. చదివితే పెట్టలేనేమోనని భయం.

వారం తిరక్కుండా ఆవిణ్ణి శాఖ నుంచి తప్పించి లైబ్రరీలో పుస్తకాల జాబితా రాసే పనికి పంపారు. చేతిలో ఒక్క పీరియడూ లేదు. శాఖాధిపతి కుర్చీ, ఐర్లండు పాఠం నాకొచ్చాయి. ఆవిడే తన నోట్సు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "పిల్లలకి అన్యాయం చెయ్యకండి మాస్టారూ" అన్నారు. నేను ఆ నోట్సే అక్షరం మార్చకుండా చదివి తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చాను.

రెండేళ్లకు కోర్టు తీర్పు పాత కరస్పాండెంట్ గారి వైపు వచ్చింది. ఆయన వచ్చే సంగతి ఆఫీసులో తెలిసినవాళ్ల ద్వారా నాకు ఒకరోజు ముందే తెలిసింది. తెల్లారి భవానీపురంలో ఇంటి నుంచి బయల్దేరి, వన్ టౌన్ వెళ్లి, నిలువెత్తు గులాబీల దండ కట్టించాను. కారు గేటు దగ్గర ఆగేసరికి మొదటి దండ నాదే. స్వాగత పత్రం కూడా నేనే చదివాను. రాక్షసపాలన అంతమైందన్న మాట అందులో రెండుసార్లు వాడాను. ఏ ఎండకా గొడుగు పట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

లైబ్రరీ మెట్ల మీద నిలబడి చూస్తున్న మేడం గారు నేను అటు వెళ్లగానే నవ్వారు. "మాస్టారూ, మీరు ఐర్లండులో పుట్టుంటే ఈపాటికి ఎర్ల్ అయిపోదురు!" అన్నారు. నేనూ నవ్వాను. చెవులు మాత్రం భగ్గుమన్నాయి.

ఆవిడ తన స్థానం తనకిమ్మని అర్జీ పెట్టారు. అప్పుడు బయటపడింది, ఆ మహజరులో ఆవిడ పేరుకు ఎదురుగా కూడా సంతకం ఉందని. కోర్టుకు అందరి సంతకాలూ చూపించాలని ఎవరో గిలికారు. సంతకం పెట్టాకే ఆవిడకు వాళ్లతో చెడిందని కాలేజీలో పుకారు లేచింది. కరస్పాండెంట్ గారు ఒక విచారణ పెట్టారు. పాత స్థానం కావాలన్నవాళ్లు తాము సంతకం పెట్టలేదని నెలాఖరులోగా సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. గుమాస్తా అప్పటికే ఉద్యోగం మానేసి ఊరొదిలి వెళ్లాడు. ఇక మిగిలిన సాక్షిని నేనొక్కణ్ణే.

"రెండు వాక్యాలు రాసివ్వండి మాస్టారూ, చాలు. ఆ రోజు మీరు గదిలో ఉన్నారని, నేను కాగితం వెనక్కిచ్చేశానని."

"అదెంత పనండీ, రేపు తెస్తా" అన్నాను.

రేపు అన్నది పదకొండుసార్లు. ఒకసారి జ్వరం, ఒకసారి బంధువుల పెళ్లి. నిజంగా రాశాను కూడా. రాసిన కాగితం సంచిలో పెట్టుకుని కాలేజీకి మోసుకెళ్లి, మళ్లీ ఇంటికి మోసుకొచ్చాను. ఆవిడ తిరిగొస్తే కుర్చీ ఆవిడది, నేను మళ్లీ రెండోవాణ్ణి. సంగతి అంతే, ఇందులో లోతైన కారణాలేమీ లేవు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం కరస్పాండెంట్ గారు నన్ను పిలిపించారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఎంత దండ వేసినా ఆ మహజరులో నా సంతకం ఉన్నమాట దాగదు. ఆయన ఫైలులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ఆ చేతిరాత నాకు తెలుసు. రోజూ చూసి చదివే నోట్సులోదే.

'ఈయన సంతకం పెట్టిన మాట నిజం. కాగితం చదవకుండానే పెట్టారు, నేను చూశాను. ఈయన భయస్తుడే గానీ చెడ్డవాడు కాడు. శాఖ నుంచి తీసెయ్యవద్దని మనవి.'

"మీ మీద నాకు చాలా కోపంగా ఉండిందండీ" అన్నారాయన. "నేనడక్కుండానే ఆవిడ ఇది తెచ్చిచ్చింది. అందుకని ఊరుకున్నాను. సర్లెండి, ఆవిడ సంగతి చెప్పండి. ఆ రోజు మీరూ గదిలోనే ఉన్నారంట కదా? పెట్టిందా లేదా? మీరు లేదంటే ఇప్పుడే ఆర్డరు రాసేస్తాను."

నా కాగితం సంచిలోనే ఉంది. సంచి నా ఒళ్లోనే ఉంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతోంది సిగ్గుతో.

"నా సంతకం పెట్టేసి క్లాసుకెళ్లిపోయానండీ. ఆవిడ పెట్టిందో లేదో నాకు తెలీదు" అన్నాను.

ఆయన సరేనని ఫైలు మూసేశారు.

బయట వరండాలో బెంచీ మీద మేడం గారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి గబగబా లేచి దగ్గరికొచ్చారు.

"ఏమన్నారండీ? మిమ్మల్ని తియ్యట్లేదుగా?"

"లేదండీ" అన్నాను.

"హమ్మయ్య" అన్నారావిడ.