కుళ్ళు సరంగుకు రెండు గొట్టాల తుపాకీ

పక్కవాడి దగ్గర ఏది కనబడినా కడుపు మండిపోవడం గస్తీ పడవ నడిపే సరంగు స్వభావం. ఎవరైనా తుమ్మినా, "వాడి తుమ్ము ఎంత నిండుగా ఉందో!" అని ఏడ్చే రకం. తీరరక్షక దళంలో ఆయన పేరే కుళ్ళు సరంగు.

యుద్ధం వచ్చింది. శత్రువిమానాలు రేవు మీద బాంబులు వేయసాగాయి. అంతవరకూ దొంగసరుకు పడవల్ని తరిమిన గస్తీ పడవలకు విమానాలను కొట్టే తుపాకులు బిగించమన్నారు. బిగించేవాడు ఫిట్టర్. బిగించనివ్వనివాడు సరంగు.

"ఏమయ్యా, ఆ పడవ తుపాకీ మెరుస్తోంది. నాదేం పాపం చేసింది?"

"దాని మీద నీళ్ళు పడ్డాయండీ."

"అయితే నాదీ తడుపు!"

తుపాకీ చుట్టూ ఇసక బస్తాలు పేరిస్తే, పక్క పడవ బస్తాలు బొద్దుగా ఉన్నాయని అలిగాడు.

ఇంతలో రెండు గొట్టాల తుపాకీ వచ్చింది. ఒకే ఒక్కటి. సరంగు బావమరిది నడిపే పడవకు దాన్ని కేటాయించారు. ఆ కుర్రాడికి అప్పుడే కూతురు పుట్టింది. సరంగు కమాండరు గుమ్మంలో బైఠాయించాడు.

"పెళ్ళాం తమ్ముడికి రెండు, నాకొకటా? ఇంట్లో నేను తలెత్తుకు తిరగొద్దా?"

పోరు పడలేక కమాండరు ఇచ్చేశాడు. సగం బిగించిన తుపాకీని ఊడదీస్తూ ఫిట్టర్ పళ్ళు నూరాడు. బావమరిది ముఖం మాడ్చుకున్నాడు.

"చంటిపిల్ల పాలు కూడా లాక్కునేలా ఉన్నావు బావా!"

సరంగు భార్య మొగుడితో మాట్లాడటమే మానేసింది.

మర్నాడు కమాండరు అందరినీ పిలిచి చెప్పాడు. రెండు గొట్టాల తుపాకీ ఉన్న పడవ రేవు బయట, విమానాలు మొదట వచ్చే దారిలో నిలబడాలి. మిగతావి లోపలే ఉండాలి. బావమరిది చప్పున బావ వైపు తిరిగాడు.

"మీకు ముందే తెలుసా?" అన్నాడు ఫిట్టర్ సరంగుతో నెమ్మదిగా.

"తెలీకేం? వాడొక్కడే ముందు నిలబడి పేరు కొట్టేస్తే చూస్తూ కూర్చోవాలా?"

"చంటిబిడ్డ తండ్రి అనే కదూ..."

"నోరు మూసుకుని బోల్టు బిగించు."

ఆ వారమే విమానాలొచ్చాయి. రెండు గొట్టాలూ ఒక్కసారిగా గర్జించాయి. ఒక విమానం పొగలు కక్కుకుంటూ వెనుదిరిగింది, మిగతావీ దాని వెంటే పోయాయి. సరంగు పడవ జల్లెడైపోయి రేవు చేరింది. ఆయన చేతికి కట్టు. ఒడ్డున భార్య, పాపను ఎత్తుకుని బావమరిది.

"నాకు రాసిపెట్టిన చావు కూడా నువ్వే లాక్కుందామనుకున్నావా బావా?" అన్నాడు బావమరిది.

సరంగు బాగున్న చెయ్యి చాచాడు.

"ముందు పిల్లనిటు ఇవ్వరా. ఎప్పుడు చూసినా నువ్వే ఎత్తుకుంటావేం?"